పదహారేళ్లకు బండి లైసెన్సు: తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

మాది గోదావరి జిల్లాలో ఓ చిన్న డ్రైవింగ్ స్కూలు. రెండు కార్లు, ఒక స్కూటరు, ఆర్టీవో ఆఫీసు ఎదురుగా ఒక గది. "పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారంట కదండీ" అంటూ వార్తలు వచ్చిన దగ్గర్నుంచి ఫోన్లు ఆగడం లేదు. సగం మంది అడిగేది కొత్త రూలు గురించి. మిగతా సగం మంది అడిగేది, ఆ రూలు పేరు చెప్పి ఇప్పుడే బండి ఇచ్చేయొచ్చా అని. రెండు రకాల వాళ్లకూ ఇక్కడే రాసి పెడుతున్నాను.

ఇంతకీ కేంద్రం ఏం మార్చాలనుకుంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టానికి చాలా సవరణలు చేయాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2024లో ప్రతిపాదించింది. అందులో టీనేజర్ల ముక్క చిన్నదే. 16 నిండి 18 నిండని పిల్లలు 50 సీసీ మించని ఇంజిన్ బండి గానీ, 1500 వాట్లు మించని మోటారున్న ఎలక్ట్రిక్ బండి గానీ నడపొచ్చు. ఆ బండి గంటకు 25 కిలోమీటర్లు దాటి వెళ్లకుండా కంపెనీలోనే తయారై ఉండాలి. వార్తల్లో హెడ్డింగు మాత్రం "పదహారేళ్లకే లైసెన్సు" అని పడింది. పాతిక కిలోమీటర్ల సంగతి నాలుగో పేరాలో ఉంటుంది, అక్కడిదాకా ఎవరు చదువుతారు?

అది అమల్లోకి వచ్చేసినట్టేనా?

లేదు. చట్టం మారాలంటే బిల్లు పార్లమెంటు ఉభయ సభల్లో పాసవ్వాలి, రాష్ట్రపతి సంతకం పడాలి, ఆపైన అమలు తేదీ చెబుతూ గెజిట్‌లో నోటిఫికేషన్ రావాలి. 2018లో కూడా పదహారేళ్ల వాళ్లకు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇద్దామన్న మాట కేంద్రం నుంచి వినపడింది. అప్పుడూ నాకు ఇలాగే ఫోన్లు వచ్చాయి.

అయితే ఇప్పుడు 16 ఏళ్లకు లైసెన్సే ఇవ్వరా?

ఇస్తారు. చాలామందికి తెలియనిది ఇదే. చట్టంలో 4వ సెక్షన్ చూడండి. రోడ్డు మీద మోటారు బండి నడపాలంటే 18 నిండాలి అని చెప్పి, దాని కిందే ఒక మినహాయింపు పెట్టారు: 50 సీసీ మించని మోటార్ సైకిలైతే 16 నిండితే చాలు. కొత్తగా పుట్టిన ఆలోచన కాదు, 1994 సవరణ నుంచీ ఉన్నదే.

ఆ రోజుల్లో దానికి అర్థం ఉండేది. 1972లో లూనా వచ్చింది, 1980లో టీవీఎస్ 50 వచ్చింది. రెండూ 50 సీసీలే. పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇంటికొచ్చేవాళ్లం. నేను నేర్చుకున్నదీ లూనా మీదే. ఎదురుగాలి వేస్తే సైకిలువాడు మనల్ని దాటేసి వెళ్లేవాడు. ఇప్పుడు షోరూముకెళ్లి 50 సీసీ పెట్రోలు బండి అడిగి చూడండి, సేల్స్ కుర్రాడు మీ ముఖం చూస్తాడు. కొబ్బరికాయలు, పాలక్యాన్లు మోసే ఎక్స్‌ఎల్ 100 కూడా 99.7 సీసీ. యాక్టివా స్కూటరు 110 సీసీకి దగ్గర. అంటే లైసెన్సు పుస్తకంలో ఉంది, దానికి తగ్గ బండి బజార్లో లేదు. మా స్కూలు నుంచి 50 సీసీ లైసెన్సుకని వెళ్లిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ ప్రతిపాదన అసలు పని ఆ ఖాళీలో ఎలక్ట్రిక్ బండిని పెట్టడం. సీసీల లెక్కలో రాసిన చట్టానికి, సీసీ అన్నదే లేని బండిని ఎలా కొలవాలో తెలియదు. అందుకే వాట్లు, వేగం.

1500 వాట్లంటే పెద్ద బండేగా? ఏథర్, ఓలా స్కూటర్లు అందులోకి వస్తాయా?

రావు. 746 వాట్లు ఒక హార్స్‌పవర్. అంటే 1500 వాట్లు రెండు హార్స్‌పవర్‌. ఏథర్ 450ఎక్స్ మోటారు గరిష్ఠంగా 6400 వాట్లు, వేగం 90. పోనీ వాట్లు సరిపోయినా వేగం దగ్గర ఆగిపోతుంది. 2024లో ఎలక్ట్రిక్ రూపంలో మళ్లీ వచ్చిన లూనానే తీసుకోండి. మోటారు 1200 వాట్లే, కానీ 50 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ప్రతిపాదన ఉన్నదున్నట్టు చట్టమైతే అదీ పనికిరాదు.

మరి పదహారేళ్లకు లైసెన్సు తీసుకుని యాక్టివా నడిపితే?

ఫోన్ చేసేవాళ్ల మనసులో ఉన్న అసలు ప్రశ్న ఇది. జవాబు ఇప్పుడూ కాదు, సవరణ వచ్చాకా కాదు. లైసెన్సు మీద ఏ రకం బండి రాసి ఉంటే దానికే అది చెల్లుతుంది. 50 సీసీ లైసెన్సు జేబులో పెట్టుకుని 110 సీసీ స్కూటరు నడిపితే, లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. 18 నిండాక ఆ లైసెన్సుకే పెద్ద బండి తరగతి కలిపించుకోవాలి.

లైసెన్సే అక్కర్లేని బ్యాటరీ స్కూటర్లు అమ్ముతున్నారుగా, అవి ఇవ్వొచ్చా?

మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ బండ్లను కేంద్ర నిబంధనలు మోటారు వాహనంగానే లెక్కించవు. రిజిస్ట్రేషన్ లేదు, నంబరు ప్లేటు లేదు, లైసెన్సు లేదు. నిజంగా ఆ లెక్కలో ఉన్న బండైతే ఇవ్వొచ్చు. హెల్మెట్ కూడా చట్టం అడగదు, నేను మాత్రం అడుగుతాను.

చిక్కు ఎక్కడంటే, ఆ "నిజంగా" దగ్గర. మొన్న ఒక తండ్రి కొడుకుని తీసుకుని మా గదికి వచ్చాడు. లైసెన్సు లేని బండి కొన్నాం, కాస్త నడపడం నేర్పండి అన్నాడు. కుర్రాడు బండి స్టార్ట్ చేసి, హ్యాండిల్ కింద ఉన్న చిన్న తెల్ల వైరు క్లిప్పు లాగి, మళ్లీ పెట్టాడు. మీటరు మీద 43 కనపడింది. "షాపాయనే చూపించాడంకుల్, ఇలా చేస్తే స్పీడు లాక్ పోతుందని." తండ్రికి అప్పటిదాకా తెలియదు. ఆ క్లిప్పు లాగిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్సు లేని, లైసెన్సు లేని పిల్లాడు నడుపుతున్న మోటారు వాహనం. కొనేముందు బిల్లు మీద వాట్లు, వేగం రాయించుకోండి, టెస్టింగ్ ఏజెన్సీ ఇచ్చిన సర్టిఫికెట్ చూపించమనండి. నసిగితే ఆ షాపు దిగి వచ్చేయండి.

ఇప్పుడు మైనరు పట్టుబడితే ఏమవుతుంది?

2019 సవరణలో 199ఏ అనే సెక్షన్ చేర్చారు. పిల్లాడు బండి నడిపి నేరం చేస్తే, సంరక్షకుడో బండి యజమానో నేరం చేసినట్టే భావిస్తారు. మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా. "పాతిక వేల దాకా" కాదు, పాతిక వేలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఇంట్లో ఉన్నది ఒకటే బండైతే ఏడాది పాటు దాన్ని బయటికి తీయడానికి లేదు. దీనికి తోడు లైసెన్సు లేకుండా నడిపినందుకు, నడపనిచ్చినందుకు చెరో సెక్షన్, ఒక్కోదానికి ఐదు వేలు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో చలానాల రేట్లు ఒకటి కాదు. రోడ్డు మీదే కట్టించుకుని వదిలేసే జరిమానాలను రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు కాబట్టి ఆ తేడా. అయితే అలా అక్కడికక్కడ తేల్చేసే సెక్షన్ల జాబితాలో 199ఏ లేదు. ఆ కేసు పెడితే కోర్టుకే వెళ్లాలి. 2019 సవరణకు ముందే, 2018లో హైదరాబాద్‌లో పిల్లలకు బండ్లిచ్చిన తండ్రులను కోర్టులు ఒకటి రెండు రోజులు జైలుకు పంపాయి.

రోజూ అందరినీ పట్టుకుంటున్నారా అంటే, లేదు. మా వీధి చివర ట్యూషన్ దగ్గర పొద్దున్న ఆరింటికి నిలబడితే మీకే తెలుస్తుంది. ఒక స్కూటరు మీద ముగ్గురు, ముందు వాడి కాళ్ల మధ్య మూడు బ్యాగులు, అద్దానికి వేలాడుతూ ఒక హెల్మెట్. ఆ హెల్మెట్ సిగ్నల్ దగ్గర పోలీసు కనపడితే పెట్టుకోవడానికి.

నాకు తెలియకుండా తాళాలు తీసుకెళ్లాడు. అప్పుడూ నేనేనా దోషి?

చట్టం ఒక దారి వదిలింది. మీకు తెలియకుండా జరిగిందని గానీ, జరగకుండా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని గానీ మీరు నిరూపించుకుంటే బయటపడొచ్చు. నిరూపించాల్సింది మీరు. మీ ఒప్పుదలతోనే నడిపాడని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని చూపించే భారం మీ మీద.

నిరూపించడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. తాళాలు టీవీ పక్కన మేకుకి వేలాడుతుంటాయి. గుడికి, పాలకి, చెల్లిని దింపడానికి వాడే తీసుకెళ్తుంటాడు. వాట్సాప్‌లో "వచ్చేటప్పుడు పెట్రోలు కొట్టించు" అని మీ మెసేజే ఉంటుంది. ఎదురింటి సీసీ కెమెరాలో నెల రోజులుగా వాడు బండి తీస్తూ కనపడతాడు. ఇక తెలియదని ఏ నోటితో చెబుతాం?

ఇలాంటి వాదనే ఒక కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బండి యజమాని బంధువుల పిల్లాడు నడిపి ప్రమాదం చేశాడు. తాళాలు వాడే తీసుకున్నాడు, నేనివ్వలేదు అని యజమాని వాదన. తన బండి దుర్వినియోగం కాకుండా, ముఖ్యంగా లైసెన్సు లేని మైనరు చేతికి పోకుండా చూసుకోవాల్సింది యజమానేనని 2011లో కోర్టు తేల్చింది. పరిహారం ఆయన నుంచి వసూలు చేసుకునే హక్కు ఇన్సూరెన్సు కంపెనీకి దక్కింది. యజమాని ఆ పిల్లాడికి తండ్రి కూడా కాదని గుర్తుపెట్టుకోండి. మేనల్లుడికి, ఎదురింటి కుర్రాడికి బండి ఇచ్చేవాళ్లకు ఇది చెబుతున్నాను.

ఇన్సూరెన్సు ఉందిగా, వాళ్లు కట్టరా?

మీ బండికి తగిలిన దెబ్బకు పైసా రాదు. అవతలి మనిషికి తగిలితే, వాళ్లు నష్టపోకూడదని ముందు కంపెనీ చేత కట్టించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెబుతుంటాయి. ఆ అంకె వేలల్లో ఉండదు. సంపాదించే మనిషి చనిపోతే వయసు, జీతం, అతని మీద ఆధారపడ్డవాళ్లు, అన్నీ లెక్కేసి లక్షల్లోకి వెళ్తుంది. పొలం అమ్మి కట్టినవాళ్లు నాకు తెలుసు.

మా అబ్బాయికి 25 ఏళ్ల దాకా లైసెన్సు రాదని భయపెడుతున్నారు, నిజమా?

నిజమే. 199ఏ కింద పిల్లాడి నేరం తేలితే 25 నిండేదాకా ఎల్ఎల్ఆర్‌కు, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సుకు కూడా అర్హత ఉండదు. ఇంటర్ రెండో ఏడు కుర్రాడికి అది ఎనిమిదేళ్లు. డిగ్రీ, మొదటి ఉద్యోగం, డెలివరీ పని, డ్రైవరు కానిస్టేబుల్ పోస్టు, అన్నీ ఆ ఎనిమిదేళ్లలోనే వస్తాయి. జైలు మాటకి నవ్వేసే తండ్రులు కూడా ఈ మాట దగ్గర కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

17 ఏళ్ల 10 నెలలు. రెండు నెలల కోసం ఎందుకండీ, ఎల్ఎల్ఆర్ ముందే తీయించలేరా?

తీయించలేను. ఆధార్‌లో పుట్టిన తేదీ కంప్యూటర్ చూస్తుంది, నేను కాదు. 18 నిండిన మర్నాడు రండి. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు గడిచాక టెస్టుకు వెళ్లొచ్చు.

అపార్ట్‌మెంట్ సెల్లారులో, గ్రౌండులో నేర్పితే తప్పా?

చట్టం మాట్లాడేది "పబ్లిక్ ప్లేస్" గురించి, అంటే జనానికి వచ్చిపోయే హక్కున్న చోటు. మీ సొంత కొబ్బరితోటలో నేర్పితే ఎవరూ అడగరు. మున్సిపల్ గ్రౌండు, కాలేజీ రోడ్డు, కాలువ గట్టు అలా కాదు. సెల్లారు సంగతికొస్తే, చట్టం కన్నా ముందు కింద ఆడుకునే పిల్లల్ని చూడండి.

పొలంలో ట్రాక్టరో?

పొలంలో గట్టు దాటనంత వరకు ఒక సంగతి. ధాన్యం వేసుకుని రోడ్డెక్కితే 18 నిండి లైసెన్సు ఉండాల్సిందే. కిరాయికి తిప్పే ఆటో, లారీ అయితే 20. కోతల రోజుల్లో ఈ రూలు ఎవరికీ గుర్తుండదు.

50 సీసీ లైసెన్సుకే అయినా, 16 ఏళ్ల వాళ్లకు ఏం కావాలి?

తల్లి గానీ తండ్రి గానీ, లేదా సంరక్షకుడు గానీ ఒప్పుదల సంతకం చేయాలి. ఎల్ఎల్ఆర్ పరీక్షలో కనీసం 60 శాతం జవాబులు సరిపోవాలి. నేర్చుకునేటప్పుడు ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం. వెనక కూర్చోవాలంటే నేర్పే మనిషే కూర్చోవాలి, ఫ్రెండు కాదు. తర్వాత బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు ఎనిమిది వేసి చూపించాలి.

ఆ ఎనిమిది గురించి ఒక మాట. కాలు కింద పెట్టకుండా ఎనిమిది ఆకారంలో తిప్పేస్తే పాస్. మా దగ్గర మూడు రోజుల్లో వచ్చేస్తుంది. కానీ ఎనిమిది వేసేటప్పుడు ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం రాదు, రాత్రి హై బీమ్ కళ్లలో పడదు.

వేరే దేశాల్లో పదహారేళ్లకే కారు ఇస్తారుగా, మనకేం తక్కువ?

మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్లబ్బాయి పదిహేడేళ్లకు కారు నడుపుతున్నాడని ఫొటో పంపితే, నంబరు ప్లేటు మూలన చిన్న ఎర్ర స్టిక్కరు కనపడింది. ఏంటదని అడిగాను. 21 నిండని కొత్త డ్రైవరు నడుపుతున్నాడని చెప్పే గుర్తట, 2010 నుంచి అక్కడ తప్పనిసరి. రాత్రి 11 తర్వాత తెల్లవారి 5 దాకా నడపకూడదు. పక్కన తల్లో తండ్రో లేకపోతే ఒక్కరినే ఎక్కించుకోవాలి. కాలిఫోర్నియాలో పదహారేళ్ల వాళ్లు లైసెన్సుకు ముందు 50 గంటలు పెద్దల పక్కన నడపాలి, అందులో 10 గంటలు రాత్రి. లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది, పాతికేళ్లు దాటిన లైసెన్సు మనిషి పక్కన లేకుండా 20 ఏళ్ల లోపు స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు.

అంటే అక్కడ లైసెన్సు అంచెలంచెలుగా వస్తుంది. చీకటి, పక్కన స్నేహితులు, ఈ రెండూ కుర్రాడి చేతిలో బండిని ఎలా మారుస్తాయో తెలిసి రాసిన రూళ్లు. మన ప్రతిపాదనలో బండి వేగం గురించి ఉంది. నడిపే గంటల గురించి, రాత్రి గురించి, వెనక కూర్చునే ఇద్దరి గురించి నాకేమీ కనపడలేదు. 17 ఏళ్ల 364 రోజులప్పుడు 25 కిలోమీటర్ల బండి, మర్నాడు ఎల్ఎల్ఆర్, నెల తిరిగేసరికి ఒక ఎనిమిది వేసి 200 సీసీ. మధ్యలో మెట్టు లేదు. నా అభ్యంతరం వయసు మీద కాదు, ఆ మెట్టు లేకపోవడం మీద.

పుణె పోర్షే కేసు తర్వాత శిక్షలు పెరిగాయా?

2024 మే 19 తెల్లవారుజామున కల్యాణీనగర్‌లో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన కారు గుద్ది ఇద్దరు ఐటీ ఉద్యోగులు చనిపోయారు. బెయిలుకు 300 పదాల వ్యాసం రాయమన్నారన్న వార్తకే దేశం భగ్గుమంది. అయితే తల్లిదండ్రుల శిక్షల సెక్షన్ అప్పటికే ఐదేళ్ల నాటిది, కేసు తర్వాత పుట్టింది కాదు.

25 కిలోమీటర్ల బండి రోడ్డు మీద పనికొస్తుందా అసలు?

ఊళ్లో సందుల్లో, స్కూలుకి, లైబ్రరీకి పనికొస్తుంది. వేగం సగమైతే గుద్దుకునే దెబ్బ బలం నాలుగో వంతుకు పడిపోతుంది, ఆ లెక్క ఫిజిక్స్ చదివే మీ పిల్లాడినే అడగండి. 2022లో దేశంలో రోడ్డు మీద చనిపోయిన 1,68,491 మందిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల వాళ్లే కాబట్టి, నెమ్మది బండి నాకు మంచిదే. కానీ అదే బండి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే, వెనక ఎనభైలో వచ్చే లారీకి అది రోడ్డు మీద నిలబెట్టిన స్టూలు లాంటిది. ఏ రోడ్లలో తిరగొచ్చో కూడా రూల్లో రాస్తే బాగుండు.

చివరికి ఇప్పుడు మా వాడికి ఏం కొనమంటారు?

కాలేజీ మూడు కిలోమీటర్ల లోపైతే గేరు సైకిలు. అంతకన్నా దూరమైతే బస్సు పాసు. అమ్మాయైతే పాసు కూడా అక్కర్లేదు, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి బస్సు ఉచితం. ఇంటికి ఎలక్ట్రిక్ బండి కొనాలనే ఉంటే మీ కోసం కొనుక్కోండి. తాళం మాత్రం ఆ టీవీ పక్కన మేకు మీంచి తీసి బీరువాలో పెట్టండి.